నైట్ డ్యూటీలు ఉంటాయంటగా?

మాది కొల్లేటికోట. కొల్లేరు మధ్యలో ఉన్న లంక ఊరు. క్లాసులో ఊరి పేరు చెబితే సగం మంది "పెద్దింట్లమ్మ గుడి ఉన్న ఊరేగా" అంటారు, మిగతా సగం "ఈసారి వచ్చేటప్పుడు చేపలు తేరా" అంటారు. ఫాల్గుణంలో అమ్మవారి జాతర. ఎక్కడెక్కడి చుట్టాలూ ఆ రోజుల్లో ఏదో ఒక పూట మా ఇంట్లో దిగుతారు. అమ్మకి వంట, నాన్నకి ఖర్చు, నాకు ప్రశ్నలు. ప్లేస్‌మెంట్స్ ఎప్పుడు, ప్యాకేజీ ఎంత, ఏఐ వస్తే మీ ఉద్యోగాలన్నీ పోతాయంటగా. వీటికి నా దగ్గర రెడీమేడ్ జవాబులున్నాయి, మీ అందరి దగ్గరా ఉండే ఉంటాయి.

ఈ జాతరకి మాత్రం సిలబస్ మారింది. భోజనాలయ్యాక బాబాయి నన్ను చెరువు గట్టు మీదకి తీసుకెళ్ళాడు. చెల్లి ఇంటర్ సెకండియర్, బైపీసీ. నీట్ రాస్తుంది గానీ ఎంబీబీఎస్ సీటు రాదని మా అందరికంటే ముందు దానికే తెలుసు. నర్సింగ్ చేస్తానంటోంది.

"నువ్వు చదువుకున్నోడివిరా. నెట్‌లో చూసి చెప్పు. అక్కనడిగితే అది తన చదువు గురించి మంచిగానే చెప్పుద్ది కదా."

నర్సింగ్ గురించి నాలుగేళ్ళకి పైగా నర్సుగా పనిచేస్తున్న మా అక్కని వదిలేసి, ఈసీఈ థర్డియర్‌లో ఒక బ్యాక్‌లాగ్ ఉన్న నన్ను అడగడంలో ఉన్న తమాషా నాకు అప్పుడు తట్టలేదు. పెద్దమనిషిలా గొంతు సవరించుకుని చెప్పడం మొదలెట్టాను.

చదువుల సంగతి తేలిక, నిజంగానే నెట్‌లో ఉంది. ఏఎన్ఎమ్ రెండేళ్ళు. మన ఊళ్ళో సబ్ సెంటర్లో పిల్లలకి టీకాలేసేది వాళ్ళే. జీఎన్ఎమ్ మూడేళ్ళ డిప్లొమా, ఇంటర్లో ఏ గ్రూపైనా పర్లేదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, దానికి బైపీసీ కావాలి. జీఎన్ఎమ్ చేసినవాళ్ళు తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు. పాలిటెక్నిక్ చేసి లాటరల్ ఎంట్రీలో మన క్లాసుకి వస్తారే, అలాంటిదన్నమాట. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరైతేనే నర్సు. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం బదులు 2023లో కొత్త చట్టం చేశారు. ఇంతవరకూ బాబాయి బుద్ధిగా విన్నాడు. ఇవేవీ ఆయన అసలు ప్రశ్నలు కావని నాకు తెలుస్తూనే ఉంది.

"అది సరేరా. నైట్ డ్యూటీలు ఉంటాయంటగా?"

ఉంటాయి. రోగం రాత్రి పడుకోదు కాబట్టి ఉంటాయి. మా అక్కకి రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. మా పెద్దనాన్న కొడుకు హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో చేస్తాడు. అమెరికా వాళ్ళ టైముకి పని, సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగుతాడు. వాడి గురించి ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా అని ఆలోచించాను. అడిగారు, కానీ "పాపం, నిద్ర ఉండదంటగా" అని. అక్క విషయంలో మాత్రం నిద్ర గురించి ఎవరూ అడగలేదు.

"పెళ్ళి సంబంధాలు ఎట్టా మరి?" ఇది రెండోది. దీని వెనకాల ఇంకోటి ఉంది, ఆయన నోటితో అనలేదు. పరాయి మగాళ్ళ ఒళ్ళు ముట్టుకోవాలిగా అని. మా మామ్మైతే 2018లో అక్క చేరేటప్పుడు అనేసింది కూడా.

ఈ చిన్నచూపు ఎక్కడిదా అని ఒకసారి చదివాను. మన వైపు ఈ పని నేర్పిన మొదటి చోట్లలో మిషన్ ఆసుపత్రులు ముఖ్యమైనవి. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898 నాటికి అక్కడ ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి కట్టింది. రోగి కులం చూడకుండా గాయం కడగాల్సిన పని అది. మడీ మైలా పాటించే ఇళ్ళ నుంచి ఆడపిల్లలు రారు. వచ్చినవాళ్ళు ఎక్కువగా మిషన్ బళ్ళలో చదివిన క్రైస్తవ పిల్లలు, దిక్కులేని విధవలు. ఇప్పుడు మనం వార్డులో "సిస్టర్, సిస్టర్" అని కేకేస్తామే, ఆ మాట కూడా రోగులకి సేవ చేసిన మఠాల సన్యాసినుల నుంచి వచ్చిందే. వందేళ్ళు దాటింది. అక్కచెల్లెలు పేరుతో పిలుస్తాం, సంబంధం దగ్గరకొచ్చేసరికి ఆలోచిస్తాం.

బాబాయిని ఇంత తప్పుపడుతున్నానా, ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఫస్టియర్లో, హాస్టల్లో మొదటి వారం. ఎవరి ఇంట్లో ఎవరేం చేస్తారో చెప్పుకుంటున్నాం. ఒకడి అన్న అమెరికా, ఒకడి నాన్న బ్యాంకు మేనేజరు. నా వంతు వచ్చింది. "నాన్న చేపల చెరువు దగ్గర. అక్క హాస్పిటల్లో" అన్నాను. "డాక్టరా?" అన్నాడు ఒకడు. నేను నవ్వాను. అంతే. అబద్ధం ఆడలేదు. నవ్వాను. ఆ నవ్వు రెండేళ్ళు నడిచింది. ఎక్కడైనా మాట వస్తే "మెడికల్ ఫీల్డ్" అనేవాడిని. ఆ ముక్క ఎంత సౌకర్యంగా ఉంటుందో, వాడినవాళ్ళకే తెలుస్తుంది.

సెకండియర్లో ఆ ఫ్రెండు వాళ్ళమ్మ స్కానింగ్ రిపోర్టు ఫోటో నాకు పెట్టి "మీ డాక్టరక్కకి చూపించరా, ప్లీజ్" అన్నాడు. పాపం చాలా భయపడి ఉన్నాడు. ఏం చెయ్యాలో తోచక మెసేజ్‌ని ఉన్నదున్నట్టు అక్కకి ఫార్వర్డ్ చేసేశాను. 'డాక్టరక్క' అన్న మాటతో సహా. నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు టైపింగ్ అని చూపించింది. చివరికి జవాబొచ్చింది. రిపోర్టులో ఉన్న మూడు మాటలకి అర్థం, ఏ డాక్టరు దగ్గరకి వెళ్ళాలి, వెళ్ళినప్పుడు ఏ రెండు ప్రశ్నలు మర్చిపోకుండా అడగాలి, పాత రిపోర్టులు పట్టుకెళ్ళమని. కింద ఇంకో లైను: "నేను నర్సునని, డాక్టర్ని కాదని ఆ బాబుకి చెప్పు. నా మాట మీద మందులు ఆపేస్తే ప్రమాదం."

నన్ను ఏమీ అనలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. నేను జవాబు కాపీ చేసి ఫ్రెండుకి పంపాను, ఆ ఆఖరి లైను తప్ప. దాని బదులు "డాక్టరు చెప్పకుండా మందులు ఆపొద్దంట" అని నేనే రాశాను. ఆ ఫ్రెండు ఈ మ్యాగజైన్ చదువుతాడు. ఇప్పుడు తెలిసింది కదరా.

మళ్ళీ గట్టు మీదకి వద్దాం. బాబాయి మూడో ప్రశ్న: "నర్సంటే ఏముందిరా, డాక్టరు చెప్పింది చెయ్యడమేగా?"

ఇక్కడ నాకు మన బ్రాంచి బుద్ధి పనికొచ్చింది. ఒకసారి అక్క ఇంటి దగ్గర జూనియర్ ఎవరికో ఫోన్లో చెప్తుంటే విన్నాను. 500 ఎంఎల్ సెలైను నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్టు ఎంఎల్‌కి 20 చుక్కలది, నిమిషానికెన్ని చుక్కలు? నేను ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచేలోగా అక్క "42" అనేసింది. తర్వాత లెక్క వేసి చూశా, 41.67. పన్నెండు కిలోల పిల్లాడికి జ్వరం సిరప్ కిలోకి 15 మిల్లీగ్రాములు చొప్పున అంటే 180. సీసా మీద 5 ఎంఎల్‌లో 120 అని ఉంది. అంటే ఏడున్నర ఎంఎల్. ఈ లెక్కల్లో మన ల్యాబ్ రికార్డులా సున్నా కొట్టేసి పక్కన మళ్ళీ రాసుకోవడం కుదరదు, చుక్క పక్కకి జరిగితే పిల్లాడికి పది రెట్లు మందు వెళ్తుంది. డాక్టరు రాసింది తప్పుగా అనిపిస్తే ఎక్కించకుండా ఆగి, ఫోన్ చేసి అడగాల్సింది కూడా నర్సే. రాత్రి రెండింటికి అలా ఫోన్ చేసి తిట్లు తిన్నానని, పొద్దున ఆ డాక్టరే వచ్చి డోసు మార్చి రాశాడని అక్క ఒకసారి చెప్పింది. అది ఏ ఆసుపత్రో చెప్పలేదు, నేనూ చెప్పను.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకి దీపం పట్టుకున్నావిడ గుర్తొస్తుంది. ఆవిడ 1858లో గీసిన పటాన్ని ఎవరైనా చూశారా? మన డేటా విజువలైజేషన్ క్లాసులో చెప్పాల్సిన పటం. క్రిమియా యుద్ధంలో నెలనెలా చనిపోయిన సైనికుల్ని గుండ్రంగా, ముక్కలు ముక్కలుగా పరిచింది. గాయాలతో పోయినవాళ్ళు ఎర్రరంగు, ఆపగలిగిన రోగాలతో పోయినవాళ్ళు నీలం. పటమంతా నీలమే. తుపాకీ కంటే మురికి ఎక్కువమందిని చంపిందని ప్రభుత్వానికి అంకెల్లో చూపించింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి మహిళ కూడా ఆవిడే. ఇదంతా బాబాయికి చెప్పలేదు లెండి. చెరువు గట్టు మీద బాగుండదు.

బాబాయికి చెప్పింది 2024 వరదల సంగతి. అప్పుడు ఆయన మా ఊళ్ళో లేడు.

సెప్టెంబర్ మొదట్లో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళు ఎక్కడికి పోతాయి? మా కొల్లేట్లోకే. వినాయక చవితికని ఇంటికొచ్చాను. ఆలపాడు దాకా బస్సు, అక్కడి నుంచి ట్రాక్టరు. ఆ మర్నాటికి రోడ్డు మునిగింది. మళ్ళీ తేలేదాకా పడవలే. మామ్మకి షుగరు. నాలుగు రోజుల క్రితం గట్టు దిగుతుంటే కిక్కిస మోడు పాదంలో గుచ్చుకుందట, ఎవరికీ చెప్పలేదు. పసుపు అద్దుకుని గుడ్డ చుట్టుకుంది. నేను చూసేసరికి గుడ్డ తడిసి ఉంది.

మేడ మీద ఒక మూలన మాత్రమే సిగ్నల్. మామ్మని అక్కడికి ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టి అక్కకి వీడియో కాల్ చేశాను. అక్క ఇంట్లో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ డబ్బా వదిలి వెళ్తుంది, సెలైను సీసా, గాజ్, గ్లవ్స్, టేపు. "ముందు సబ్బుతో చేతులు కడుక్కో. అలా కాదు, వేళ్ళ సందులు. బొటనవేలు వదిలేశావు." స్క్రీన్‌లోంచి కనిపిస్తోంది దానికి. గుడ్డ విప్పాను. నాకు కళ్ళు తిరిగాయి. మామ్మ నా మొహం చూస్తోంది, తన కాలు ఎలా ఉందో నా మొహంలో చదువుకుంటోందని అర్థమై మొహం తిప్పుకున్నాను.

"మొహం తిప్పకు" అంది అక్క. "వాసన ఎలా ఉంది?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. కాల్ సరిగా వినబడలేదేమో అనుకున్నాను.

"వాసన చూసి చెప్పరా. కుళ్ళు వాసనా, తియ్యగానా, ఏం లేదా? ఫోన్లో వాసన రాదు నాకు."

చూసి చెప్పాను. అంచులు ఏ రంగు, చుట్టూ వేడిగా ఉందా, నొక్కితే మామ్మకి తెలుస్తోందా, జ్వరం ఉందా. ఒక్కోటి అడుగుతోంది, నేను చెప్తున్నాను. సెలైనుతో కడిగించింది, పసుపంతా పోయేదాకా. లోపల్నుంచి బయటికి తుడవాలి, ఒకసారి తుడిచిన గాజ్ మళ్ళీ వాడకూడదు. చివర్లో "పెన్ను తీసుకుని ఎర్రగా ఉన్నంతమేరా చుట్టూ గీత గియ్యి. టైము రాయి పక్కన" అంది. మామ్మ పాదం మీద బాల్ పెన్నుతో గీత గీసి '6:40' అని రాశాను. మా మామ్మ "నా కాలేమన్నా రికార్డు పుస్తకమంటరా" అంది.

మర్నాడు పొద్దున ఎరుపు ఒక పక్క గీత దాటి వేలెడంత బయటికి వచ్చింది. ఫోటో పెట్టాను. అక్క రెండే మాటలు పంపింది, "పడవ చూడు." నాన్న పడవ మాట్లాడి, అక్కణ్ణుంచి ట్రాక్టరు పట్టుకుని కైకలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇంజెక్షన్లు పడ్డాయి, కాలు నిలబడింది. ఆ గీత లేకపోతే మేమింకో రోజు 'తగ్గుతుందిలే' అనుకునేవాళ్ళం. నేను చదివే ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఇంత చవకైన సెన్సరు లేదు.

డ్రెస్సింగ్ అయ్యాక నేను మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకున్నాను. అక్క అదే పని రాత్రికి ఎంతమందికి చేస్తుందో అప్పుడు తెలుసుకోవాలనిపించి అడిగాను. ఉద్యోగంలో చేరిన ఏడు, మొదటి ఆసుపత్రిలో, ఇద్దరు నర్సులకి ఇరవై రెండు మంచాలంట. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు వార్డులో ఐదుగురు రోగులకి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, ఐసీయూలో మనిషికొకరు ఉండాలి. ఇన్నేళ్ళలో అక్కని నేనడిగిన మొదటి ప్రశ్న అది, దాని పని గురించి.

"బాగానే ఉంది గానీ, జీతమెంత?" అన్నాడు బాబాయి ఇదంతా విని. అన్నింట్లో న్యాయమైన ప్రశ్న ఇదే. దీనికే నా దగ్గర మంచి జవాబు లేదు.

అక్క 2021లో మొదట చేరింది పదకొండు వేలకి. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ తీసి పెట్టుకున్నారు, ఏడాదిలోపు మానేస్తే డబ్బు కట్టి తీసుకోమన్నారు. పేరొద్దు. ఈ విషయం మీద నర్సుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2016లో కోర్టు చెప్పగా కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రి కూడా ఇరవై వేలకి తగ్గకూడదు అని ఆ కమిటీ చెప్పింది. చెప్పింది, అమలు రాష్ట్రాల మీద వదిలింది. ఐదేళ్ళ తర్వాత మా అక్క చేతిలో పడింది పదకొండు. ఇంకో పక్క ఎయిమ్స్ ఉంది. నార్సెట్ అనే పరీక్ష రాయాలి, పోస్టు పేరు నర్సింగ్ ఆఫీసర్, బేసిక్ 44,900తో మొదలు. మనలో చాలామంది క్యాంపస్ ప్యాకేజీని పన్నెండుతో భాగించి చూసుకోండి. అక్కడ ఇరవై శాతం పోస్టులు మగవాళ్ళకి కూడా ఉన్నాయి, ఎవరికైనా ఆసక్తి ఉంటే.

ఫారిన్ ప్రశ్న రాకుండా ఉండదు. మా వైపు పల్లెల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. కాబట్టి నర్సు విదేశం వెళ్తుందంటే కొందరి కళ్ళకి అదే బొమ్మ. అది వేరు, ఇది వేరు. గల్ఫ్‌కి అనుభవం, ప్రోమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ. ఇంగ్లండుకి ఇంగ్లీషు పరీక్ష, ఆపైన కంప్యూటర్ పరీక్ష, అక్కడికెళ్ళాక చేతల పరీక్ష. అమెరికాకి ఎన్‌క్లెక్స్. జర్మనీకి వాళ్ళ భాష బీ2 స్థాయి దాకా రావాలి, మన చదువుని వాళ్ళు గుర్తించేదాకా సహాయకురాలిగానే పని. ఏజెంటు లక్షలడిగితే ఒకసారి ఆగి, ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ దగ్గర కనుక్కోవడం మంచిది. అక్క ఇప్పుడు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జర్మన్ నేర్చుకుంటోంది. ఇంట్లో పిల్లిని 'కాట్సె' అంటోంది. పిల్లి పలకట్లేదు.

మర్నాడు పొద్దున పదిన్నరకి అక్క నైట్ డ్యూటీ దిగి వచ్చింది. వచ్చి స్నానం చేసి, అమ్మవారికి దణ్ణం పెట్టుకొచ్చి పడుకుంది. ఇంటినిండా చుట్టాలు, మైకులో పాటలు. మధ్యాహ్నం రెండు దాకా అలా చచ్చినట్టు నిద్రపోయింది. లేచి అన్నం కలుపుకుంటుంటే బాబాయి మెల్లగా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. నేను చెప్పినవన్నీ నా ఎదురుగానే మళ్ళీ దాన్నడిగాడు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది.

"నువ్వు జీఎన్ఎమ్ చేశావు కదమ్మా, బీఎస్సీ ఎందుకు చెయ్యలా? మార్కులు వచ్చాయిగా నీకు."

"మూడేళ్ళలో అయిపోయి జీతం వచ్చుద్దని నాన్న అన్నాడు బాబాయ్. పోస్ట్ బేసిక్ చేద్దామని 2022లో అప్లికేషను తెచ్చుకున్నా. వీడు ఇంటర్లో చేరాడు కదా అప్పుడు, హాస్టల్ ఫీజు కట్టాల్సొచ్చింది. సర్లే తర్వాత చూద్దామని."

నా వైపు చూడకుండానే అంది, పప్పు వేసుకుంటూ. నాకు ఆ సంగతి తెలీదు. ఫీజు నాన్న కడుతున్నాడనే అనుకున్నాను, రసీదు మీద నాన్న పేరే ఉండేది.

మా ఊరికో కథ ఉంది. ఇక్కడి కోటని పట్టడానికి శత్రువులు కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి దించేద్దామని కాలువ తవ్వారని, అదే ఉప్పుటేరని, ఆ యుద్ధంలో గెలుపు కోసం సేనాపతి తన కూతుర్నే బలిచ్చాడని, అందుకే ఆ కాలువకి పేరంటాల కనుమని పేరొచ్చిందని. చిన్నప్పుడు మామ్మ చెప్పేది. ఆ సాయంత్రం దోనెలో కూర్చుని అక్కతో ఆ కథ ఎత్తి ఏదో అనబోయాను, సారీ లాంటిది. అక్క పగలబడి నవ్వింది. "నన్నెవరూ బలివ్వలేదు లేరా, సినిమాలు తగ్గించు. నాకిష్టమయ్యే చేశా. నాకు కావల్సింది నువ్వు ఆ బ్యాక్‌లాగ్ క్లియర్ చెయ్యడం." నవ్వడం ఆపి, కాసేపాగి, "మీ ఫ్రెండు వాళ్ళమ్మకి తగ్గిందా?" అంది. తగ్గిందని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

చెల్లి మాట చెప్పలేదు కదూ. ఆ మధ్యాహ్నం అక్క అన్నం తింటున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. పెద్దవాళ్ళ ప్రశ్నలన్నీ అయ్యాక అది ఒకటి అడిగింది.

"అక్కా, మొదటిసారి పేషెంట్ చనిపోయినప్పుడు ఏం చేశావు?"

అక్క చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది. అది ఉద్యోగం కాదు, చదువుకునేటప్పుడంట. 2020 డిసెంబర్లో ఏలూరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్‌తో పడిపోయారు, గుర్తుందా? ఆరొందల మందికి పైగా. నీళ్ళన్నారు, సీసమన్నారు, పురుగుమందులన్నారు. ఆ రోజుల్లో అక్క అక్కడే థర్డియర్. ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే ఎక్కడ చూసినా బంధువులు రోగి చేతుల్లో తాళాలగుత్తులు కుక్కుతున్నారంట. అవి లాగేసి, మనిషిని పక్కకి ఒత్తిగిల్లజేసి, నోట్లో ఏమీ పెట్టకుండా చూసుకుంటూ, వాచీలో ఫిట్స్ ఎంతసేపున్నాయో లెక్కపెట్టడం నేర్చుకుంది అప్పుడే. వాళ్ళంతా లేచి ఇళ్ళకి వెళ్ళారు, అక్క చూసినవాళ్ళు. చనిపోయింది ఆ తర్వాత నెలలో, వేరే వార్డులో, ఒక ముసలాయన. గుండె.

"ఏం చేస్తాం. కళ్ళు మూసి, ట్యూబులు తీసి, ఒళ్ళు తుడిచాం నేనూ ఇంకో సిస్టరూ. తుడిచేటప్పుడు కూడా 'తాతా, ఇటు తిప్పుతున్నా' అని చెప్పి తిప్పమంది ఆవిడ. ఇంటివాళ్ళు వచ్చేసరికి నీట్‌గా ఉండాలి కదా. వాళ్ళు వచ్చారు, తీసుకెళ్ళారు. దుప్పటి మార్చాం. అరగంటలో ఆ మంచమ్మీదకి ఇంకొకాయన వచ్చాడు. ఆయన దుప్పటి వెచ్చగా ఉందన్నాడు. ఎండలో ఆరేసిన దుప్పటి లే అది. అయినా నాకు భయమేసింది."

"ఏడ్చావా?"

"హాస్టల్ కొచ్చాక. ఇడ్లీ తిని."

చెల్లి ఇంకేమీ అనలేదు. బాబాయి లేచి బయటికెళ్ళాడు.

ఏప్రిల్లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. బాబాయి ఇప్పటికీ అవుననలేదు, కాదనలేదు. మొన్న చెల్లి నాకు మూడు కాలేజీల పేర్లు పంపి, వీటిలో ఏది మంచిదో నెట్‌లో చూసి చెప్పన్నయ్యా అంది. కాలేజీకి వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని రూలు ఉంది, బ్రోచర్లో అందరూ ఉందనే రాస్తారు. టైప్ చెయ్యబోయి ఆగాను. అంతా చెరిపేసి "అక్కనడుగు" అని పంపాను.

రాత్రి అక్క ఫోన్ చేసింది. "గురువారం నాకు ఆఫ్. దాన్ని తీసుకుని మూడు చోట్లకీ వెళ్ళొస్తా. మంచాలు నేనే లెక్కపెడతా. నీకు ఎగ్జామెప్పుడు?"